గేటు చప్పుడు

కాకి ఇంకా దిగలేదు. తుమ్మచెట్టు కొస కొమ్మ మీద కూర్చుని మెడ అటు తిప్పి ఇటు తిప్పి చూస్తోంది గానీ దిగడం లేదు. మా చెలక గట్టు పక్కన అవ్వను, అంటే మా అమ్మను, పూడ్చిన మట్టి ఇంకా పచ్చిగానే ఉంది. తలాపున మోదుగాకుల విస్తరి, అందులో అన్నం, చింతచిగురు వేసి వండిన మాంసం, ఉడకబెట్టిన గుడ్డు. పక్కన స్టీలు గ్లాసులో చాయ, చిన్న సీసాలో కల్లు. పోయినవాళ్ళు బతికున్నప్పుడు ఏవి ఇష్టంగా తిన్నారో అవన్నీ పెట్టి, వెనక్కి జరిగి నిలబడాలి. కాకి వచ్చి ముట్టిందంటే పోయినవాళ్ళు తిన్నట్టు. ముట్టేదాకా ఎవరూ ఇంటికి కదలకూడదు, పచ్చి మంచినీళ్ళు ముట్టకూడదు. ఎంతకీ రాలేదంటే పోయిన మనిషికి మనసులో ఏదో కోరిక మిగిలిపోయిందని అర్థం. అదేదో కనిపెట్టి, మాటిచ్చి, బతిమాలుకోవాలి. మా తరిగొప్పుల చుట్టుపక్కల ఊళ్ళలో దీన్ని పిట్టకు పెట్టుడు అంటాం. ఎండ నడినెత్తికి వస్తోంది. గాలన్నది లేదు, తుమ్మకొమ్మకు ఎప్పుడో చిక్కుకున్న ప్లాస్టిక్ కవరు కూడా కదలడం లేదు. అందరితో పాటు నేనూ కాకి వైపే చూస్తున్నాను, చూస్తూ ఒక నవల గురించి ఆలోచిస్తున్నాను. కన్నతల్లి పోయిన మూడోనాడు ఎవరికైనా నవల గుర్తొస్తుందా? నాకొస్తోంది. ఏం చేయను, అవ్వ తన ఆఖరి నెలలన్నీ ఆ నవలలోనే కాపురం ఉంది, నన్నూ ఉంచింది.

నేను జనగామ డిపోలో కండక్టర్ని. ఆడవాళ్ళకు జీరో టికెట్టు వచ్చినప్పటి నుంచి బస్సులో కాలు పెట్టే సందు లేదు. ముందుకు జరగమ్మా, లోపలికి జరగన్నా అని అరిచీ అరిచీ సాయంత్రానికి నా గొంతు నాకే పరాయిదవుతుంది. అందుకేనేమో, చప్పుడు లేని పని ఒకటి కావాలి నాకు. బస్సు ఆఖరి స్టాపులో ఆగి డ్రైవరన్న బీడీకి దిగితే నేను సీట్లోనే పుస్తకం తెరుస్తాను. ఆ నవల కోస్తా వైపు రచయిత్రి ఎవరో రాసింది. కాలవ గట్టు మీద ఒక ఇల్లు, కోర్టు గుమస్తా తండ్రి, విశాలాక్షి అనే తల్లి, ముగ్గురు పిల్లలు, ఒకరంటే ఒకరికి పడదు. ఒక వానరోజు పెద్దకొడుకు చలపతిని తండ్రి మెడబట్టి బయటికి గెంటుతాడు. తల్లి తలుపు చాటున నిలబడి చూస్తుంది, ఒక్క మాట అనదు. ఆ అనని మాట మీదే పుస్తకమంతా. మొదట నాకు ఒళ్ళు మండింది. ఇంట్లో గొడవుంటే నోరు చేసుకుని తేల్చుకోవాలి గానీ ఇంతింత పొడుగు వాక్యాలెందుకు అనుకున్నాను. తర్వాతొక రోజు చిల్పూర్ గుట్ట కింద బస్సు ఆగినప్పుడు ఒక పేజీ వచ్చింది. కొడుకు పోయిన తర్వాత విశాలాక్షి అతని చొక్కా ఉతికి, ఆరేసి, మడతపెట్టి పెడుతుంది. కొన్నాళ్ళకు అదే చొక్కా తీసి మళ్ళీ ఉతుకుతుంది. ఎవరూ తొడగని చొక్కా. అది చదివి తలెత్తేసరికి డ్రైవరన్న హారన్ మీద హారన్ కొడుతున్నాడు, బస్సు నిండా జనం నన్నే చూస్తున్నారు, నా ముక్కు కారుతోంది.

అవ్వ అప్పటికి మా ఇంట్లోనే ఉంది. ఒంటికి నీరు పట్టి కాళ్ళు వాచాయి, గుండె బలహీనమైందన్నారు. జనగామలో దవాఖాన దగ్గరని అన్న తెచ్చి నా దగ్గర దిగబెట్టాడు. చూపు మందగించి టీవీలో మనుషులు పొగలాగా కనిపిస్తున్నారని సీరియళ్ళు కూడా మానేసింది. చూపు లేని మనిషి నా ఏడుపు ఎలా కనిపెట్టిందో గానీ, "ఏముందే అండ్ల, గంతగనం ఏడుస్తున్నవ్? నాగ్గూడ సదువు" అంది. చదివాను. రెండు వాక్యాలకే చెయ్యి అడ్డం పెట్టింది. ఆ తెలుగు తనకెక్కలేదు. మనోళ్ళు మాట్లాడినట్టు చదవమంది. ఇక చూడండి, ఆ కాలవ గట్టు కుటుంబమంతా నా నోట్లో పడి మా ఊరి మనుషులైపోయారు. ఏమిటండీ అలా ఉన్నారు అని పుస్తకంలో అన్న విశాలాక్షి మా ఇంట్లో ఏందయ్య గట్లున్నవ్ అంది. కోర్టు గుమస్తా గారు పరేషాన్ అయ్యారు. ఇన్నేళ్ళు సినిమాల్లో మా మాటను రౌడీలకూ పనివాళ్ళకూ తగిలించి నవ్వుకున్నారు కదా, ఇప్పుడు మీ గుమస్తా మా అవ్వ మంచం పక్కన నిలబడి మా మాట మాట్లాడుతున్నాడు చూడండి అని నాలో నేనే మురిసిపోయాను. రచయిత్రికి తెలిస్తే నా మీద కేసు పెట్టేది.

అవ్వ వినే తీరే వేరు. కథ అనుకుని వినేది కాదు, పక్కింటి గొడవ అనుకుని వినేది. తలుపు చాటు అధ్యాయం వచ్చినప్పుడు లేచి కూర్చుంది. "నోట్లె ఏం బెట్టుకున్నదట? పోరన్ని బైటికి నూకుతుంటె అడ్డం పడరాదా? గామె తల్లేనా?" అంది. మొగుడికి భయపడిందేమోనని నేను సర్ది చెప్పబోతే, నువ్వు ఆమె తరఫు వకీలువా అని నన్నూ కలిపి తిట్టింది. ఆ రోజు నుంచి విశాలాక్షి పేరెత్తితే చాలు, మొహం చిట్లించేది. చలపతి ఎప్పుడొస్తాడని మాత్రం ఒక్కసారి కూడా అడగలేదు. వాడెందుకొస్తడు అనేది. చొక్కా ఉతికే పేజీ చదివిన రోజు గోడ వైపు తిరిగి పడుకుంది. నిద్రపోయిందనుకుని నేను లేవబోతుంటే, ఆ చొక్కా ఏం రంగుదని అడిగింది. పుస్తకంలో లేదు. నీలం అని చెప్పాను. లేత నీలమా, ముదురు నీలమా అని అడిగింది.

ఇక్కడ చెలకలో అన్న ఐలేశ్ రెండడుగులు ముందుకేసి, భుజం మీది తువ్వాల తీసి చేతులు జోడించాడు. అవ్వ పెంచిన బర్రెను అమ్మనని మాటిచ్చాడు. చెల్లెను ప్రతి పండక్కీ పిలుస్తానన్నాడు. అవ్వ పేరు మీద ఏటేటా పదిమందికి అన్నం పెడతానన్నాడు. కాకి ముక్కును కొమ్మకేసి రుద్దుకుంది. కల్లు సీసా మూత తీయలేదు కదరా అని ఎవరో అంటే ఉరికిపోయి తీశారు. మా పాలివాళ్ళలో పెద్దమనిషి పోశయ్య తాత, తంబాకు పెట్టలేదేంది అని అడిగాడు. అవ్వ తంబాకు మానేసి చాలా ఏళ్ళయిందని నేనన్నాను. చచ్చినంక మానుడేంది బిడ్డా, ఇప్పుడామెకు ఏ డాక్టరు భయం అన్నాడు తాత. ఆడవాళ్ళు కొంగులు మూతికి అడ్డం పెట్టుకున్నారు. చావు దగ్గర కూడా మావాళ్ళకు నవ్వు ఆగదు. అవ్వ ఉంటే అందరికంటే ముందు ఆమే నవ్వేది, నవ్వి దగ్గు తెచ్చుకునేది. తంబాకు తెచ్చి పెట్టారు. కాకి రాలేదు. ఇక ఒక్కొక్కరి చూపూ, చూడనట్టే చూస్తూ, బాట మీదికి మళ్ళింది. అక్కడ ఒక తెల్ల కారు ఆగి ఉంది, దానికి ఆనుకుని కృపాకర్ నిలబడి ఉన్నాడు.

కృపాకర్ నా తమ్ముడు. ఈ మాట ఇలా పైకి అనే హక్కు మా ఇంట్లో ఎవరికీ లేదు. లోకానికి అతను మా పెద్దవ్వ కొడుకు. అవ్వకు అక్క ఉప్పలమ్మ, మా పెద్దవ్వ, మానుకోటలో ఉంటుంది. బస్సు బోర్డు మీద మహబూబాబాద్ అని రాసినా మాకది మానుకోటే. పెద్దబాపు మిర్చి మార్కెట్లో హమాలీ చేసేవాడు. ఇద్దరూ యేసును నమ్ముకున్నారు, పిల్లలు లేరు. ఒక ఎండాకాలం పెద్దవ్వ మా ఊరొచ్చి చెల్లెలి ముందు కొంగు పట్టింది, నీకు ముగ్గురున్నారు కదా, ఒకరినియ్యి, సాదుకుంటానని. అన్నకు అప్పటికే నాగలి పట్టే వయసు, నేను ఆడపిల్లను. మిగిలింది మహేందర్. అప్పటికి వాడి పేరు అదే. అవ్వ కొంగు పట్టుకుని తిరుగుతూ, పొద్దంతా అవ్వా అవ్వా అని ఇల్లు పీకి పందిరేసే వయసు. మా బాపు సారయ్య ఏమీ అనలేదు. ఆయన దేనికీ ఏమీ అనేవాడు కాదు, ఏమీ అనకుండానే పోయాడు కూడా. పెద్దవ్వ ఒక్కటే కట్టడి పెట్టింది. ఇచ్చిన తర్వాత వాడు నీ కొడుకు కాదు, నువ్వు వాడికి చిన్నమ్మవి, అవ్వా అని నన్నే పిలవాలి, నిన్ను పిలవొద్దు అంది. ఆమె పుట్టించిన కట్టడి కాదది, మా వైపు సాదుకోవడానికి తీసుకునేవాళ్ళంతా పెట్టేదే. పిల్లవాడు ఇద్దరు తల్లుల మధ్య పడి ఇద్దరికీ దక్కకుండా పోతాడని భయం. అవ్వ తలూపింది.

తలూపడమే కాదు. జనగామలో ప్యాసింజర్ బండి ఎక్కాం, అవ్వ, నేను, వాడు. వాడు కిటికీ దగ్గర అవ్వ ఒళ్ళో కూర్చున్నాడు. అవ్వ బొడ్లోంచి పుట్నాల పొట్లం తీసింది. "చిన్నమ్మ అను బిడ్డా" అంది. వాడు నవ్వి అవ్వ అన్నాడు. అవ్వ గుప్పిట మూసేసింది. మళ్ళీ అడిగింది. మళ్ళీ అవ్వ అన్నాడు, గుప్పిట విప్పడానికి వేళ్ళు పీకాడు. ఎన్నోసారో గానీ చిన్నమ్మ అన్నాడు, అవ్వ వెంటనే వాడి నోట్లో నాలుగు పుట్నాలు పెట్టింది. నాకది మంచి ఆటలాగా తోచింది. నేనూ చిన్నమ్మా అన్నాను, నాకూ పెట్టింది. బండి కాజీపేటలో చాలాసేపు నిలబడింది, బయట అరటిపళ్ళవాళ్ళు అరుస్తున్నారు, అవ్వకు అవేవీ పట్టలేదు. అను బిడ్డా, అను బిడ్డా. మర్చిపోయి అవ్వ అంటే గుప్పిట మూసుకునేది, చిన్నమ్మ అంటే తెరుచుకునేది. మానుకోట వచ్చేసరికి పొట్లం అయిపోయింది, వాడికి మాట వచ్చేసింది. ప్లాట్‌ఫారం మీద పెద్దవ్వ చంకనెక్కి పోతూ పోతూ వెనక్కి తిరిగి, ఎవరూ అడగకుండానే, చిన్నమ్మా అని గట్టిగా అరిచాడు. పెడుతుందనుకున్నాడు. అవ్వ ఖాళీ చేతులు రెండూ ఎత్తి చూపించి నవ్వింది. తిరుగు బండిలో ఆమె ఒళ్ళో తల పెట్టుకుని నేను పడుకున్నాను. ఆమె కడుపు ఎగిసి ఎగిసి పడుతోంది, చప్పుడు మాత్రం లేదు. నాకు ఇప్పటికీ బస్సులో పక్కన ఎవరైనా పుట్నాలు నములుతుంటే టికెట్టు కొట్టే చెయ్యి ఆగిపోతుంది.

అందుకే ఆ రచయిత్రి మీద నాకు కోపం. ఆమె కుటుంబంలో అరుపులున్నాయి, మెడబట్టి గెంటడాలున్నాయి, పగిలిన అద్దం ఉంది. మా ఇంట్లో ఏముంది రాయడానికి? ఎవరూ ఎవరినీ ఏమీ అనలేదు. అందరూ మంచివాళ్ళే. మహేందర్ కృపాకర్ అయ్యాడు, చదువుకున్నాడు, భూపాలపల్లిలో బొగ్గు పని దొరికింది. తనెవరి కొడుకో వాడికి తెలుసు, తెలుసని మాకూ తెలుసు. పెళ్ళిళ్ళకు వచ్చేవాడు, బట్టలు పెట్టేవాడు, చిన్నమ్మా బాగున్నవా, మందులు వాడుతున్నవా అనేవాడు. బాగున్న అనేది అవ్వ. అంతే. వాడి పెళ్ళి చర్చిలో జరిగినప్పుడు అవ్వ మిగతా చిన్నమ్మలతో కలిసి వెనక వరసలో కూర్చుంది. చప్పట్లు కొట్టాల్సిన చోట చప్పట్లు కొట్టింది. చలపతి తల్లిని మనసులో పేరుపెట్టి తిట్టుకుంటాడు. ఆ తిట్టు తినే భాగ్యం కూడా మా అవ్వకు లేదు. తల్లి అయితేనే కదా తిట్టేది.

ఒకసారి ఆమెను కాళేశ్వరం తీసుకుపోయాను. వచ్చేటప్పుడు భూపాలపల్లిలో బస్సు ఆగితే, చాయ తాగుదామని దిగింది. ఏ ఊళ్ళోనూ బయట చాయ తాగని మనిషి. బస్టాండు ముందు బల్ల మీద కూర్చుంది. వచ్చిన బస్సు పోయింది, ఇంకోటి వచ్చింది, అదీ పోయింది. షిఫ్టు దిగినవాళ్ళు బండ్ల మీద పోతుంటే ఒక్కొక్కరి మొహమూ చూస్తోంది. ఫోన్ చేయనా, ఇల్లు దగ్గరే కదా అన్నాను. వద్దంది. చెప్పకుండా ఇంటికి పోవడానికి చిన్నమ్మలెవరని అడిగింది. నవ్వుతూనే అడిగింది. చాయ మీద మీగడ కట్టింది. బస్సెక్కి కూర్చున్న తర్వాత చూశాను, ఆమె బొడ్లో కాగితపు పొట్లం ఒకటి ఉంది. ఏమిటని నేను అడగలేదు. కాగితంలోంచి పుట్నాల వాసన రాదు అంటారు గానీ నాకు వచ్చింది. ఆ పొట్లం అలాగే తిరిగి మా ఇంటికి వచ్చింది, చూడనట్టే నేను పడుకున్నాను.

ఆఖరి అధ్యాయం నా వారపు సెలవు రోజు మధ్యాహ్నం చదివాను. బస్సులో ముందే చదివేశాను కనుక ఏం రాబోతోందో నాకు తెలుసు, అందుకే వీలైనంత నెమ్మదిగా చదివాను. విశాలాక్షి పెరట్లో గిన్నెలు తోముతుంటుంది. వీధి వైపు గేటు చప్పుడవుతుంది. ఆమె చెయ్యి ఆగుతుంది. ఆమె తిరిగి చూడదు. అక్కడితో నవల అయిపోయింది. బస్సులో ఆ పేజీ చదివినప్పుడు తర్వాతి పేజీ కోసం తిప్పాను, తెల్ల కాగితం వచ్చింది, పుస్తకం విసిరేయబోయాను. ఎవరొచ్చారో చెప్పనిదానివి అంత దూరం మమ్మల్ని ఎందుకు లాక్కొచ్చావు తల్లీ? ఆమె తిరగకపోతే పోయె, నువ్వు తిరిగి చూడొచ్చు కదా? ఆ రోజంతా టికెట్లు కొడుతూ ఆమెతో పోట్లాడుతూనే ఉన్నాను. ఇక అవ్వ దగ్గర ఆ చివరి వాక్యం చదివి ఆగినప్పుడు నా నాలుక చివర ఇంకో వాక్యం సిద్ధంగా ఉంది. వచ్చింది చలపతే, వచ్చి అవ్వా అన్నడు. నవలంతా మార్చి చదివినదాన్ని, ఇదొక్కటి కలిపితే ఎవరడుగుతారు?

"అయిపోయిందా?" అంది అవ్వ.

"అయిపోయింది."

"మర్రి సూడలేదా?"

నా వాక్యం నోట్లోనే ఉండిపోయింది. తిరిగి చూడలేదన్నాను. విశాలాక్షిని తిడుతుందనుకున్నాను.

"గేటు గాలికి గూడ సప్పుడైతది బిడ్డా," అంది. "గందుకే సూడలే. పాపం."

పాపం అన్న మాట విశాలాక్షికి ఆమె పెట్టిన మొదటి మంచి మాట. తర్వాత ఇంకో పుస్తకం తెస్తానంటే వద్దంది. పొద్దున నేను డ్యూటీకి పోయేటప్పుడు వాకిలి తలుపు గొళ్ళెం పెట్టకుండా దగ్గరికి వేసి పొమ్మనేది. గాలికి అది కొట్టుకుంటుంటే ఎలా పడుకునేదో ఏమో. నేను లేనప్పుడే, అలా తలుపు వైపు వీపు పెట్టి పడుకునే పోయింది.

కాకి ఎంతకీ దిగకపోయేసరికి అన్న బాట మీదికి పోయాడు. నలుగురి ముందు తక్కువై అయినా సరే అడగాలనుకున్నట్టున్నాడు, తువ్వాల చేతుల్లో నలుపుతూ నిలబడ్డాడు. జర వచ్చి ఒక్క మాట అనరాదు తమ్మీ అంటున్నాడు. మేం గివి చెయ్యం అన్నా అన్నాడు కృపాకర్, మెత్తగానే అన్నాడు. రెండు రోజుల గడ్డం, కళ్ళు ఉబ్బి ఉన్నాయి. పూడ్చిన రోజు కూడా అంత దూరంలోనే నిలబడ్డాడు. నాకు తెలుసు, అది దేవుడి గొడవ కాదు. అక్కడిదాకా వస్తే పిలవాలి. ఏమని పిలవాలి? చిన్నమ్మా అంటే ఊరంతా వింటుంది, అవ్వా అంటే కారులో కూర్చున్న సాదిన తల్లి, పెద్దవ్వ, వింటుంది. కాకి కొమ్మ మారింది. ఎండకు విస్తరి అంచులు ముడుచుకుంటున్నాయి. నాకు విసుగు, ఏడుపు, కోపం అన్నీ కలిసి వచ్చాయి. అవ్వ కోరిక ఏమిటో ఇక్కడ తెలియనివాళ్ళెవరు? అందరికీ తెలుసు. అందుకే బర్రె గురించీ తంబాకు గురించీ మాట్లాడుతున్నారు.

అప్పుడు కారు తలుపు తెరుచుకుంది. పెద్దవ్వ దిగింది. తెల్లచీర, చేతికర్ర, నడుము సగానికి వంగింది. కొడుకు పట్టుకోబోతే వద్దంది. ఆమె గొంతు చిన్నది గానీ చెలకలో అందరికీ వినిపించింది.

"కృపా, గా మాట పెట్టింది నేను. నేనే తీసేస్తున్న. నా చెల్లె ఒక్కపారి గూడ దాటలే. పోయి అవ్వా అని పిలువు బిడ్డా. నాకేం గాదు."

నాకేం గాదు అంటున్నప్పుడు ఆమె కర్ర నేల మీద టకటకా వణికింది. అది చూశాక ఇన్నేళ్ళుగా ఆమె మీద నాలో ఉన్నదేదో జారిపోయింది. ఆమె కూడా ఒక మాట కోసమే బతికింది, ఆ ఒక్క మాటా తన చేతులతో తీసి చెల్లెలి విస్తట్లో పెడుతోంది.

కృపాకర్ బూట్లు విప్పాడు. దున్నిన సాళ్ళ మీద, కాలే మట్టిలో, తడబడుతూ నడిచి వచ్చాడు. మేమంతా పక్కకు జరిగాం. ముందుకు జరుగు తమ్మీ, ఇంకా ముందుకు జరుగు అని నాలో నేను అరుస్తున్నాను. విస్తరి దగ్గర నిలబడ్డాడు. చేతులు జోడించలేదు, వాటిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ప్యాంటుకు తుడుచుకున్నాడు. నోరు తెరిచాడు, మూశాడు. రెండక్షరాలు. ఊళ్ళో పాలు తాగే పిల్లలు కూడా అనే మాట. అన్న కళ్ళు మూసుకున్నాడు, పోశయ్య తాత టోపీ తీశాడు.

"చిన్నమ్మా" అన్నాడు కృపాకర్.

తన నోట్లోంచి వచ్చింది విని వాడే బిత్తరపోయాడు. సరిదిద్దుకోవాలని చూశాడు, మళ్ళీ అదే వచ్చింది. తిను చిన్నమ్మా అన్నాడు.

కాకి దిగింది.

తుమ్మ మీంచి నేరుగా విస్తరి పక్కన వాలి, రెండు గెంతులు గెంతి, వాడి కాళ్ళకు అంత దగ్గరలో, మెతుకులు ముట్టింది. భయం లేకుండా తింది. ఆడవాళ్ళు ఒక్కసారిగా ఏడ్చారు. అన్న నేల మీద కూలబడ్డాడు. తిన్నది, మా అవ్వ తిన్నది అంటున్నాడు. తింటుంది, ఎందుకు తినదు? ఆ మాట నేర్పింది ఆమే. ప్యాసింజర్ బండిలో గుప్పిట మూసి తెరిచి, జనగామ నుంచి మానుకోట దాకా నేర్పింది. అప్పుడు వాడు ఆ మాట అంటే ఆమె పెట్టేది, ఇప్పుడు వాడు అంటే ఆమె తింటోంది. అంతకంటే ఎక్కువ ఎన్నడూ అడగలేదు. చచ్చి కూడా అడగలేదు. ఒక్కసారి మొండికేయరాదా అవ్వా, ఇంకాసేపు కొమ్మ మీదే కూర్చోరాదా, ఒక్కసారి గుప్పిట మూయరాదా!

"ముట్టింది. నడువుండ్రి. ఎవ్వలు మర్రి సూడొద్దు" అన్నాడు పోశయ్య తాత.

పిట్ట ముట్టిన తర్వాత తిరిగి చూడకూడదు. చూస్తే పోయినవాళ్ళకు కాళ్ళు కదలవంటారు. తాత ముందు నడిచాడు, వెనక అన్న, వాళ్ళ వెనక అందరూ, బోరు బావి దగ్గర కాళ్ళు కడుక్కోవడానికి. చివరన నేను, కొడుకు వెనకే చెలకలోకి దిగి వచ్చి నా భుజం పట్టుకున్న పెద్దవ్వ. కృపాకర్‌కు మా పద్ధతులు తెలియవు, అక్కడే నిలబడిపోయాడు. రమ్మని పిలవాలంటే తిరగాలి. సాళ్ళ మీద పెద్దవ్వ అడుగులో అడుగేస్తోంది, ఆమెతో నేనూ.

అప్పుడు వెనక నుంచి వినిపించింది. ఎవరికీ వినిపించకూడదన్నట్టు, గొంతు దాటీ దాటకుండా, చిన్నపిల్లవాడు చీకట్లో తడుముకున్నట్టు.

"అవ్వా."

పెద్దవ్వ వేళ్ళు నా భుజంలో దిగబడ్డాయి. ఆమె ఆగలేదు. నేను తిరిగి చూడలేదు. పొద్దుటి నుంచీ గాలన్నది లేదు.